ఉప్పు పూసిన గుర్రం

ఊళ్ళో పగిలిన కుండ ఒక్కటి కూడా దొరకని రోజులొచ్చాయి. నవ్వకండి, కుమ్మరి ఇంటికి అంతకంటే పెద్ద కరువు లేదు. చిన్న ముంతకైతే చెరువు మట్టి, పిడికెడు ఇసక చాలు. నిలువెత్తు గుర్రం చెయ్యాలంటే మాత్రం ఆ మట్టిలో పాత పెంకుల పొడి కలిపి తీరాలి. ఒకసారి కాలిన మట్టి లోపల ఉంటేనే పచ్చి మట్టి మంటకి తట్టుకుంటుంది. లేకపోతే కుండలు కాల్చే ఆవంలో ఫెళ్ళున పగిలి ఊరుకుంటుంది. ఇదివరకు ఎవరి పెరట్లో చూసినా ఓ పెంకుల గుట్ట ఉండేది. ఇప్పుడు నీళ్ళకి ప్లాస్టిక్ టిన్ను, కూరకి స్టీలు గిన్నె, టీకి కాగితం కప్పు. పెంకుటిళ్ళు పోయి స్లాబులు లేచాయి. అందరూ బాగుపడ్డారు, మేం తప్ప.

నా పేరు లక్ష్మణమ్మ. గజపతినగరం పిల్లని. పదో తరగతి పాసయ్యానన్న సంతోషం తీరకముందే మేనమామ కొడుకు జగన్నాధానికిచ్చి, శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డునున్న ఈ ఊళ్ళో పడేశారు. మొగుడయ్యాక కూడా ఆయన నాకు బావే. చేతిలో పని ఎక్కువ, నోట్లో మాట తక్కువ. ఆ తక్కువ నేను పూడుస్తుంటాను.

ఇక్కడ అందరూ చేపల వేట మీద బతికేవాళ్ళే, కుమ్మరి ఇల్లు మాదొక్కటే. ఊరి చివర ఇసక దిబ్బల మీద సరుగుడు తోపు ఉంది. అందులో గంగమ్మ రాయి, దాని చుట్టూ మా ఇంటివాళ్ళు తరతరాలుగా చేసిన మట్టి గుర్రాలు. కొత్త పడవ దిగినా, పడవకి కొత్త మనిషి పెద్దయినా గంగమ్మకి ఒక గుర్రం ఇస్తారు. దాన్ని సముద్రం వైపు తిప్పి నిలబెడతారు. అది పడవ వెంట నీళ్ళ మీద పరిగెత్తి, మనుషుల్ని మళ్ళీ ఒడ్డుకి తెస్తుందని నమ్మకం.

ఇంకో రకం గుర్రాలు కూడా ఉన్నాయి. వేటకి వెళ్ళి తిరిగిరాక, శవం కూడా దొరకని మనిషి పేరున పెట్టేవి. అలాంటివాళ్ళని ఈ ఊళ్ళో చచ్చిపోయారనరు, రానోళ్ళు అంటారు. రానోడి గుర్రం సముద్రానికి వీపు పెట్టి ఊరి వైపు చూస్తుంది. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే ఆ మనిషి వలని దాని మెడకి అదిమి అచ్చు వేస్తాం. ఎక్కడున్నా తన వలని గుర్తుపట్టి, గుర్రమెక్కి, ఇంటి దారి పడతాడని. పొరపాటున దాన్ని సముద్రం వైపు తిప్పితే రానోడు నీళ్ళలోనే ఉండిపోయి, ఎదురుగా కనిపించినవాణ్ణి తోడు పిలుస్తాడట. ఏ గుర్రమైనా కూలిపోతే కూలినచోటే ఉంటుంది. ఒక్క ముక్కని కూడా ఎవరూ ముట్టుకోరు. గాలికి ఇసక వచ్చి అదే కప్పేస్తుంది.

కొత్తలో ఇవన్నీ విని నవ్వేదాన్ని. దాలమ్మ మొగుడు గంగులు రాకపోయాక నవ్వడం మానేశాను.

దాలమ్మ నాకు ఈ ఊళ్ళో దొరికిన మొదటి స్నేహితురాలు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టి అడ్డపొగ కాలుస్తూ, ఊళ్ళు తిరిగి అమ్మి వచ్చేది. గంగులు పోయింది తుపానులో కాదు. గాలి లేదు, అల లేదు, సముద్రం పరిచిన దుప్పటిలా ఉన్న రోజు. పడవ దొరికింది, అందులో వల దొరికింది, మనిషి దొరకలేదు. ఏడాది చూసి గుర్రం చేయించింది. వల అచ్చు వేసే వేళకి మా బావ పక్కకి తప్పుకున్నాడు, నేనే వేశాను. ఆ వల ఒకచోట చిరిగితే దాలమ్మ చిన్న చిన్న కన్నులతో బిగించి అల్లింది. 'రొయ్యపిల్లకి కూడా ఊపిరాడదు కదే' అని గంగులు దాన్ని ఏడిపించేవాడు. ఆ చిన్న కన్నులు కూడా మెడ మీద అచ్చుపడ్డాయి. పోయినేడు గాలివానకి సరుగుడు చెట్టు విరిగి ఆ గుర్రం మీద పడింది. దాలమ్మ వెళ్ళి చూసి, దండం పెట్టి, ముక్కల్ని అలాగే వదిలేసి వచ్చింది.

ఇక ఈ ఎండాకాలం సంగతి. మా అమ్మాయి అనూరాధ భోగాపురం అవతల, బీచిలో ఉన్న ఒక రిసార్టులో గదులు సర్దే పని చేస్తోంది. మార్చి నెలలో ఫోను చేసి ఉక్కిరిబిక్కిరైపోయింది.

"అమ్మా, మా మేనేజరుకి మన తోపు ఫొటో సూపించేను. పిచ్చెక్కిపోయేడు. డజను గుర్రాలు కావాలంట, నిలువెత్తువి. బీచిలో సంద్రం కేసి వరసగా నిలబెడతారంట, జనాలు ఫొటోలు దిగడానికి. నాన్న సెయ్యగలడా?"

చెయ్యగలడా అంటే మా బావ ఊరుకుంటాడా? అప్పటికి రెండేళ్ళుగా దీపావళి ప్రమిదలు తప్ప ఏమీ చెయ్యని మనిషి. ఆ రాత్రే కుండలు చేసే సారెకి నూనె వేశాడు. మట్టి దొరికింది, ఊక దొరికింది, పుల్లలు దొరికాయి. పెంకులే దొరకలేదు. ఊరూరా తిరిగాడు. చివరికి ఒక సాయంత్రం ఆటో నిండా గోనెలు వేసుకుని దిగాడు.

"సీపురుపల్లిలో పాత పెంకుటిల్లు పడగొట్టేరే. ఊరికినే పట్టుకుపొమ్మన్నారు" అన్నాడు.

నేను రోకలి అందుకోబోతే ఆపాడు. "నువ్వు కూకో. నడుం నొప్పంటావు కదా. నాను దంచుతాను."

పెంకులు దంచడం మా ఇంట్లో ఎప్పుడూ ఆడవాళ్ళ పని. ఇన్నేళ్ళ కాపరంలో ఆయన రోకలి పట్టడం అదే మొదలు. పైగా షెడ్డు తలుపు వేసుకుని మరీ దంచాడు. ముసలితనంలో మొగుడికి నా మీద ప్రేమ పుట్టిందనుకుని మురిసిపోయాను. నా అంత తెలివైనది గజపతినగరంలో ఇంకొకతి పుట్టి ఉండదు.

గుర్రాలు మాత్రం అద్భుతంగా కుదిరాయి. కాళ్ళు సారె మీద గొట్టాల్లా లాగి, ఆరబెట్టి, పైన కడుపు, మెడ, తల అతుకుతూ చెక్కతో తట్టి తట్టి నిలబెట్టాడు. నాలుగు విడతలుగా ఆవం కాల్చాం. ఒక్కటి పగల్లేదు. ఇంకా వేడి ఆరీ ఆరకముందే గడ్డి చుట్టి లారీ ఎక్కించేశాం. వాటికి దిమ్మలు కట్టాలట, వేట మొదలయ్యే రోజుల్లో నిలబెడతామని రిసార్టువాళ్ళు చెప్పారు.

ఆ ఆఖరి ఆవంలోనే ఇంకో గుర్రం కూడా కాలింది. అది దాలమ్మ కొడుకు నాగబాబుది. సముద్రంలో వేట నిషేధం జూన్ మధ్యలో ఎత్తేస్తారు. ఇన్నాళ్ళూ చినాన్న పడవలో కూలికి వెళ్ళిన కుర్రాడు ఈసారి తండ్రి పడవకి తనే పెద్దయి దిగుతున్నాడు. "మా గుంటడిది కాస్త పెద్ద గుర్రం సెయ్యండే" అని దాలమ్మ మరీ మరీ చెప్పి వెళ్ళింది.

గంగమ్మ గుర్రాలకి వాడే పొడిని మా బావ వేరే మూట కట్టి ఉంచుతాడు. మా ఇంటి పాత కుండలవే అవి. పెద్ద గుర్రం కదా, ఆ మూట చాలలేదు. ఆయన లారీ మాట్లాడడానికి వెళ్ళి ఊళ్ళో లేడు. పొడి పొడే కదా అని పెద్ద గోనెలోంచి చాటతో ఎత్తి మట్టిలో పోసి, నా కాళ్ళతోనే తొక్కాను.

ఆవం విప్పాక ఆ గుర్రం చుట్టూ ఇద్దరం రెండుసార్లు తిరిగాం. నిండు ఎరుపు. వేలితో కొడితే ఖంగుమంది. మెడ విరుపులో ఎంత పొగరో. బావ జీవితంలో ఇంత మంచి గుర్రం చెయ్యలేదు.

మర్నాడు మబ్బు పట్టి సముద్రపు గాలి తిరిగింది. ముగ్గులు పెడదామని లేచి చూస్తే గుర్రం మెడ మీద తెల్లగా ఏదో పూసి ఉంది. బూజనుకుని చెంగుతో తుడిచాను. మధ్యాహ్నానికి మళ్ళీ పూసింది, ఈసారి వీపు మీద కూడా. వేలికి అంటించుకుని నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

"బావా, చెరువు మట్టిలో ఉప్పెలా వస్తాది?" అన్నాను.

ఆయన తడిగుడ్డతో తుడిచాడు. పొద్దుగూకేసరికి గుర్రం చెమట పట్టినట్టు తడిసింది, ఆరాక మళ్ళీ తెల్లబడింది. అప్పుడు నా వైపు తిరగకుండానే అడిగాడు.

"ఇందులో ఏ పొడి కలిపేవే?"

"నీ మూట చాలలేదు. పెద్ద గోనెలోది పోసేను. ఏం?"

ఆయన గుడ్డ అక్కడే పడేసి బయటికి పోయాడు. చెప్పడానికి ఏమీ లేని మనిషి ఊరికే ఉంటాడు, చెప్పకూడనిది ఉన్న మనిషి ఇంట్లోంచి వెళ్ళిపోతాడు. నేను తిన్నగా షెడ్డులోకి వెళ్ళి ఆ గోనెని బోర్లించాను. అడుగున పొడి కొంచెం, దంచగా మిగిలిన పెంకులు కొన్ని. అవి ఇంటి పెంకులు కావు. ఒకదానికి గుర్రం చెవి ఉంది. ఇంకోదాని మీద వల అచ్చు ఉంది. పెద్ద పెద్ద కన్నుల మధ్య ఒకచోట చిన్న చిన్న కన్నులు బిగించి అల్లినట్టు.

అది నా చేత్తో నేనే వేసిన అచ్చు.

బావ వచ్చేసరికి దాన్ని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. చూడగానే ఆయన నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"సీపురుపల్లి ఎల్లినమాట నిజివేనే. నాను ఎల్లేసరికి ఆ పెంకులు ఎవులో ఎత్తుకుపోయేరు. ఉత్త సేతుల్తో ఇంటికి రాలేకపోయేను. తోపులో కూలిపోయినవే ఏరేను. నిలబడున్నదాన్ని ఒక్కదాన్నీ ముట్టనేదు, ఒట్టు."

"రానోళ్ళవి కూడా ఏరేవా?"

"సూడనేదు. ఇసకలోంచి తీసినవి తీసినట్టే గోనెలో ఏసేను. మన తాతలు సేసినవే కదా అనుకున్నాను."

"నాగబాబు గుర్రంలో ఆళ్ళ నాన్న ఉన్నాడు బావా. రేపు దాన్ని సంద్రం ఏపు తిప్పి నిలబెడతారు. ఎల్లుండి ఆ గుంటడు ఆళ్ళ నాన్న పడవలోనే నీళ్ళ మీదికెళ్తాడు."

ఆయన నా కాళ్ళు పట్టుకున్నాడు. నా మొగుడు నా కాళ్ళు పట్టుకోవడం నేను చూడవలసిన దృశ్యం కాదు. "సెప్పకే. ఊళ్ళో ఉండనివ్వరు. ఇంకోటి సేద్దామంటే ఆరడానికే నెల కావాల. కావి దట్టంగా పూసేస్తాను. ఎవులికీ అగుపడదు."

ఆ పెంకుని చెంగులో ముడేసుకుని దాలమ్మ ఇంటికి నడిచాను. దాలమ్మ కొత్త చీర కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. కొడుకు కోసం బెల్లం గారెలు వండుతోంది. నన్ను చూడగానే వేడి గారె ఒకటి నా నోట్లో కుక్కింది. "ఆళ్ళ నాన్న పోయినంక ఈ పొయ్యి మీద తీపి ఎక్కడం ఇదే మొదలే" అంది. ఆ గారె నమిలి మింగి, చెప్పకుండానే తిరిగొచ్చాను. పెంకు నా చెంగు ముడిలోనే ఉండిపోయింది.

మర్నాడు సాయంత్రం డప్పులతో మా ఇంటికొచ్చారు. గుర్రం ఎర్రటి కావి పూత మీద సున్నపు చుక్కలతో పెళ్ళికొడుకులా ఉంది. పడవకి పెద్దయినవాడే దాన్ని నెత్తిన మొయ్యాలి. నాగబాబు తలపాగా చుట్టుకుని, నవ్వుతూ కూర్చుంటే నలుగురు ఎత్తి పెట్టి, పక్కనుంచి బరువు ఆన్చుకున్నారు. వాడిది తండ్రి నవ్వే.

గాలి లేదు. చెమటతో అందరి ఒళ్ళూ జిగటగా ఉన్నాయి. దిబ్బ ఎక్కుతుండగా గుర్రం కాళ్ళ వెంట కావి కరగడం నేను చూశాను. ఎర్రటి చారలు నాగబాబు నుదుటి మీదికి దిగి, ముక్కు పక్కనుంచి పెదాల మీదికి వచ్చాయి. వాడు నాలికతో తుడుచుకున్నాడు.

"అత్తా, నీ గుర్రానికి సెమట పడతన్నాదే" అని నవ్వాడు. "ఉప్పగా ఉన్నాది."

ఇక నా నోరు ఆగలేదు. "ఆగండి! దించండి దాన్ని!" అని అరిచాను. డప్పులు ఒక్కసారి ఆగిపోయాయి. చెంగు ముడి విప్పి పెంకు తీశాను. ఎక్కడిదో, ఎందులో ఏం కలిసిందో, ఎవరు ఏరారో, ఎవరు తొక్కారో మొత్తం చెప్పేశాను. బావ అక్కడే తల దించుకుని నిలబడ్డాడు. పారిపోలేదు, అది ఒక్కటి మెచ్చుకోవాలి.

ముందు తిట్లు లేచాయి. ఒకడు బావ మీదికి చెయ్యెత్తాడు, ఎవరో ఆపారు. ఆ తర్వాత అసలు సంగతి ఒక్కొక్కరికీ ఎక్కి, గోల దానంతటదే తగ్గిపోయింది. ఆ గుర్రాన్ని ఏం చెయ్యాలి? సముద్రం వైపు తిప్పితే రానోడు తోడు పిలుస్తాడు. ఊరి వైపు తిప్పితే బతికున్న కుర్రాణ్ణి రానోళ్ళలో కలిపినట్టు. పగలగొడితే వాడి పడవని మా చేతులతోనే పగలగొట్టినట్టు.

"వేటే మానీ నాయనా" అంది ఒక ముసలామె.

"ఎన్నాళ్ళు మానీమంటావు? బతికున్నన్నాళ్ళూనా?" అన్నాడు నాగబాబు. ఇప్పుడు వాడు నవ్వడం లేదు. పెదాల మీద ఎరుపు అలాగే ఉంది.

దాలమ్మ నా చేతిలోంచి పెంకు తీసుకుంది. చిన్న కన్నులున్న చోట బొటనవేలు పెట్టి చాలాసేపు నిమిరింది. "ఇది నా ముడే" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"గుర్రాన్ని పడుకోబెట్టండి. ఏ ఏపూ సూడకుండా పడుకోబెట్టండి" అంది. తర్వాత బావ వైపు తిరిగింది. "గుర్రానికి లోపం ఉంటే సేసినోడే మొదటి సేపల ఏటకి పడవెక్కాల. మీ తాత కాలంనుంచీ ఉన్నదే కదా అన్నా ఇది?"

ఉన్నదే. బావ తాత ఒకసారి కాలు విరిగిన గుర్రం ఇచ్చి పడవెక్కాడట. తిరిగొచ్చి నెల్లాళ్ళు జ్వరంతో పడుకుని, మళ్ళీ చచ్చేదాకా చేప ముట్టలేదట. ఆ కథ చెప్పి నేను మా ఇంట్లో ఎన్నిసార్లో నవ్వించాను.

"ఎక్కుతాను" అన్నాడు బావ.

దాలమ్మ నా దగ్గరికొచ్చింది. "నువ్వు సెప్పేవు కాబట్టి నిన్నేటీ అననే. నా కొడుకుని పంపుతన్నాను. నీ మొగుణ్ణి పంపు. ఇద్దరూ వస్తే గుర్రాన్ని లేపుదాం."

తెల్లవారుతుండగా బావ చొక్కా తొడుక్కున్నాడు. జన్మలో పడవ ఎక్కని మనిషి. చెరువులో ఈత తప్ప రాదు. నేను చద్దన్నం మూట కడుతుంటే, "షెడ్డులో మట్టి మీద తడిగోనె కప్పు, ఎండిపోద్ది" అన్నాడు. అంతకంటే పెద్ద మాట ఏదైనా అంటాడని చూశాను. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, "మంచిపనే సేసేవులే" అన్నాడు. నాకు ఆయన్ని గట్టిగా పట్టుకోవాలనిపించింది. ఊరంతా చూస్తోందని సిగ్గుపడి ఊరుకున్నాను. పడవ కదిలాక ఆ సిగ్గుని పట్టుకుని కాల్చెయ్యాలనిపించింది.

సముద్రం పరిచిన దుప్పటిలా ఉంది. గాలి లేదు, అల లేదు. అది చూశాక దాలమ్మ, నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరం ఇసకలో పక్కపక్కనే కూర్చున్నాం. దాలమ్మ చుట్ట వెలిగించి అడ్డపొగ పెట్టుకుంది. అది ఆరిపోయినా తియ్యలేదు. ఎండ నెత్తికెక్కింది, దిగింది. నా తప్పేమీ లేదని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పకుండా ఉంటే ఆ కుర్రాడు పోయేవాడు, చెప్తే నా మొగుడు వెళ్ళాడు. ఇద్దరిలో ఎవరు రాకపోయినా దాలమ్మ, నేనూ మళ్ళీ ఇలా పక్కపక్కనే కూర్చోలేం.

పడవలు ఒక్కొక్కటే వచ్చాయి. దూరంగా చుక్క కనిపించినప్పుడల్లా ఇద్దరం లేచి నిలబడ్డాం, దగ్గరికొచ్చాక కూర్చున్నాం. అన్నిటికంటే ఆఖరున గంగులు నీలం పడవ వచ్చింది. ముందు నాగబాబు నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. అడుగున ఒక మనిషి ముడుచుకుని పడి ఉన్నాడు. ఆ మనిషి తల ఎత్తి, పడవ అంచు పట్టుకుని, భళ్ళున కక్కాడు.

ప్రపంచంలో ఏ ఆడదీ మొగుడి వాంతి చూసి అంత సంతోషించి ఉండదు. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి పరిగెత్తి బావని పట్టుకున్నాను. ఈసారి ఊరంతా చూసినా సిగ్గనిపించలేదు. దాలమ్మ కొడుకు మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకుని అప్పుడు ఏడ్చింది.

"మావ దారి పొడుగునా కక్కుతానే ఉన్నాడు. సేపలకి మేత బాగా ఏసేడు" అన్నాడు నాగబాబు. అందరం నవ్వాం. వల ఒడ్డుకి లాగుతూ వాడే మళ్ళీ అన్నాడు. "అమ్మా, నాన్న పోయినకాడికే ఎల్లేం. ఆ సోటకి ఎప్పుడెల్లినా నాకు ఒళ్ళు జల్లుమనేది. ఎవులో సూస్తన్నట్టు ఉండేది. ఇయాల ఏటీ అనిపించనేదు. ఖాళీగా ఉన్నాది. అక్కడ ఎవులూ నేరన్నట్టు."

దాలమ్మ నవ్వు ఆగింది. "ఎవులూ నేరా?"

"నేరు."

"మరి ఎటెల్లేరు?"

అప్పుడే నా బొడ్డులో దోపుకున్న ఫోను కుయ్యిమంది. అనూరాధ. ఒక ఫొటో, కింద రికార్డు చేసి పంపిన అమ్మాయి గొంతు. నొక్కితే ఒడ్డు మీద అందరికీ వినిపించింది.

"అమ్మా, నాన్న గుర్రాలు ఇయాల పొద్దున్నే నిలబెట్టేరు. ఎంత బాగున్నాయో సూడు. ఒంటినిండా తెల్లగా ఏటో పూస్తన్నాది, తడిగుడ్డెట్టి తుడిస్తే మళ్ళీ వస్తన్నాది. ఏం సెయ్యాలో నాన్ననడిగి సెప్పు. డూటీ అయిపోయింది. సంద్రం ఇయాల ఎంత నెమ్మదిగా ఉన్నాదో! అందరం నీళ్ళలో దిగుతున్నాం."

ఫొటోలో గుర్రాలన్నీ వరసగా సముద్రం వైపు చూస్తున్నాయి. వాటి ముందు, మోకాళ్ళ లోతు నీళ్ళలో, మా అమ్మాయి వెనక్కి తిరిగి నవ్వుతోంది. నిన్న సాయంత్రం తోపులో ఊరంతా ఆ ఒక్క గుర్రం గురించే కొట్టుకున్నాం. లారీ ఎక్కి పోయినవాటి ఊసు ఒక్కరి నోటా రాలేదు. పొడి దంచినవాడికీ గుర్తు రాలేదు, అనూరాధని కన్నదానికీ రాలేదు.

దాలమ్మ నా భుజం మీంచి చూసింది. చూసి, బావని అడిగింది. "అన్నా, అందులో ఎవులెవులున్నారు?"

బావ నోరు తెరిచాడు. ఒక పేరు చెప్పబోయి ఆగాడు, ఇంకో పేరు చెప్పబోయాడు.

నేను ఫోను చేశాను. రింగు వెళ్తూనే ఉంది. ఎత్తలేదు. మళ్ళీ చేశాను.